ఇంగ్లీషు వాక్యాలు కలపడం: ఏ క్రియకు పెద్దపీట?

పదో తరగతి తెలుగు పేపరులో ఒక పాత ప్రశ్న ఉంది: కింది వాక్యాలను సంశ్లిష్ట వాక్యంగా మార్చండి. "రవి పని ముగించాడు. రవి ఇంటికి వెళ్ళాడు." పిల్లలు పెన్ను ఆపకుండా "రవి పని ముగించి ఇంటికి వెళ్ళాడు" అని రాసేసి తర్వాతి ప్రశ్నకు పోతారు. అదే పిల్లలకు ఇంగ్లీషు పేపరులో రెండు వాక్యాలిచ్చి 'హూ'తో కలపమనో, 'దో'తో కలపమనో, 'టూ... టు' వాడమనో అంటే చెమటలు పడతాయి. కొందరు రెండు వాక్యాల మధ్య 'అండ్' పెట్టి దండం పెట్టేస్తారు.

రెండు ప్రశ్నలూ అడిగేది ఒకే విద్య. ఆ మాట బళ్ళో చెప్పేవాళ్ళు తక్కువ. తెలుగు మాస్టారి వ్యాకరణం తెలుగు పీరియడ్‌తో ముగుస్తుంది, ఇంగ్లీషు టీచరు ఒక పట్టిక ఇచ్చి కంఠస్థం చేయమంటారు. నా అభిప్రాయం మాత్రం వేరు. ఇంగ్లీషులో వాక్యాలు కలిపేటప్పుడు మనం చేసే తప్పుల్లో చాలావాటికి మూలం మన తెలుగులోనే దొరుకుతుంది. అక్కడ మనకు తెలియకుండానే పాటిస్తున్న సూత్రాలున్నాయి. వాటిలో కొన్ని ఇంగ్లీషుకు అచ్చంగా అతుకుతాయి, కొన్ని నిలువునా ముంచుతాయి. ఏది ఏదో తెలిస్తే సగం భయం పోతుంది.

ముందు పేర్ల గొడవ

తెలుగులో "ముగించాడు" అంటే మాట పూర్తయింది. "ముగించి" అంటే ఇంకా ఏదో రావాలి. మొదటిది సమాపక క్రియ, రెండోది అసమాపక క్రియ. చేసి, చేస్తూ, చేస్తే, చేసినా... వీటికి క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని బరువైన పేర్లున్నాయి గానీ వాటి పని ఒక్కటే: తాము తగ్గి, చివర వచ్చే క్రియను పైన కూర్చోబెట్టడం. వాక్యాలు కలపడమంటే నిజానికి ఇదే, ఒక క్రియకు పెద్దపీట వేసి మిగతావాటిని దాని చుట్టూ సర్దడం.

ఇంగ్లీషు వ్యాకరణంలో సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ అని మూడు రకాలు. తెలుగులో సామాన్య, సంయుక్త, సంశ్లిష్ట అని మూడు. ఒకదానికొకటి సరిగ్గా సరిపోతాయనుకోవడం సహజమే, కానీ అక్కడే బోల్తా పడతాం. "రవి పని ముగించి ఇంటికి వెళ్ళాడు" తెలుగులో సంశ్లిష్ట వాక్యం. దాన్ని ఇంగ్లీషులో "హావింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్, రవి వెంట్ హోమ్" అని రాస్తే అది కాంప్లెక్స్ కాదు, సింపుల్. ఎందుకంటే అందులో కాలం చెప్పే క్రియ 'వెంట్' ఒక్కటే. "ఆఫ్టర్ హి హాడ్ ఫినిష్డ్ హిజ్ వర్క్, రవి వెంట్ హోమ్" అన్నప్పుడే కాంప్లెక్స్, ఎందుకంటే అందులో కాలం, కర్త ఉన్న క్రియలు రెండున్నాయి. "రవి ఫినిష్డ్ హిజ్ వర్క్ అండ్ వెంట్ హోమ్" కాంపౌండ్. వాక్యం పొడవుకూ ఈ పేర్లకూ సంబంధం లేదు. కాలం చూపించే క్రియలు ఎన్ని ఉన్నాయి, అవి ఒకదానికొకటి సమానమా, ఒకటి రెండోదాని కింద ఉందా అని చూడాలి.

నాలుగు ముక్కలు, కొన్ని కొల్లేర్లు

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరును తీసుకుందాం. ఇదిగో నాలుగు పొట్టి వాక్యాలు: "కొల్లేరు ఈజ్ ఎ లేక్. ఇట్ లైస్ బిట్వీన్ టూ డెల్టాస్. ఇట్ ఈజ్ ష్రింకింగ్. పెలికన్స్ స్టిల్ బ్రీడ్ దేర్."

ఒకరు ఇలా కలిపారనుకోండి: "కొల్లేరు, ఎ లేక్ బిట్వీన్ టూ డెల్టాస్, ఈజ్ ష్రింకింగ్, దో పెలికన్స్ స్టిల్ బ్రీడ్ దేర్." సరస్సు కుంచించుకుపోతోందన్నదే ఇక్కడ వార్త. పక్షుల సంగతి 'దో' వెనక్కి వెళ్ళిపోయింది. ఇంకొకరు ఇలా కలుపుతారు: "పెలికన్స్ స్టిల్ బ్రీడ్ ఇన్ కొల్లేరు, ఎ ష్రింకింగ్ లేక్ బిట్వీన్ టూ డెల్టాస్." ఇప్పుడు వార్త పక్షులది. కుంచించుకుపోవడం అనే విషాదం 'ష్రింకింగ్' అనే ఒక్క విశేషణంగా ఒదిగిపోయింది. మొదటిది పర్యావరణ విలేకరి రాసేది, రెండోది పర్యాటక శాఖ బ్రోషరుకు పనికొచ్చేది. ముడిసరుకు ఒకటే, వ్యాకరణం రెండింట్లోనూ నిర్దోషంగా ఉంది. మారింది పెద్దపీట.

మూడోవాడు తెలివిగా ఎటూ తేల్చడు: "కొల్లేరు ఈజ్ ష్రింకింగ్, బట్ పెలికన్స్ స్టిల్ బ్రీడ్ దేర్." 'బట్' రెండు వైపులనీ సమానంగా నిలబెడుతుందని పుస్తకాలు చెబుతాయి. చదివే మనసు మాత్రం 'బట్' తర్వాత వచ్చినదానికే ఒక పాలు ఎక్కువ తూకం ఇస్తుంది. "మంచివాడే, కానీ..." అని ఎవరైనా మొదలుపెడితే మనం ఆ 'కానీ' తర్వాత మాట కోసమే చెవులు రిక్కించడం లేదూ?

ఇందులో 'ఈజ్ ఎ లేక్' అన్న వాక్యం ఏమైందో గమనించారా? దాని క్రియ పూర్తిగా పోయింది. 'ఎ లేక్ బిట్వీన్ టూ డెల్టాస్' అన్న నామవాచకపు ముక్క రెండు కామాల మధ్య చేరింది. ఇంగ్లీషులో దీన్ని ఎపొజిషన్ అంటారు. ఉన్న ఉపాయాలన్నిటిలో చవకైనది, మన పిల్లలు అతి తక్కువగా వాడేదీ ఇదే. 'ఈజ్', 'వాజ్' ఉన్న పొట్టి వాక్యం కనిపిస్తే ముందు దాన్ని ఇలా మడవవచ్చేమో చూడాలి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. వీటిని రెండు వాక్యాలుగా రాయనక్కర్లేదు. "ఎ శాంక్చువరీ సిన్స్ 1999 అండ్ ఎ రామ్‌సర్ సైట్ సిన్స్ 2002, కొల్లేరు..." అని మొదలుపెట్టి అసలు విషయానికి పోవచ్చు.

కామా ఒక్కటే చాలదు

సమానంగా కలిపే మాటలు ఇంగ్లీషులో ఏడే: అండ్, బట్, ఆర్, సో, యెట్, నార్, ఫర్. 'హవెవర్', 'దేర్‌ఫోర్' ఈ జాబితాలో లేవు. అర్థంలో 'బట్'కీ 'సో'కీ దగ్గరివే అయినా అవి వాక్యాల్ని అతికించలేవు. వాటి ముందు ఫుల్‌స్టాపో సెమికోలనో ఉండాలి.

తెలుగులో "ఆలస్యమైంది, ఇంటికి వెళ్ళిపోయాను" అంటే ఎవరూ తప్పుపట్టరు. కామా మౌనంగానే కారణం చెప్పేస్తుంది. "ఇట్ వాజ్ లేట్, ఐ వెంట్ హోమ్" అంటే మాత్రం ఇంగ్లీషు పరీక్షకుడు ఎర్ర సిరా తీస్తాడు. ఒక 'సో' కావాలి, లేదా "యాజ్ ఇట్ వాజ్ లేట్" అని ముందుదాన్ని కిందికి దించాలి. దీనికి తిరగేసిన తప్పు ఇంకొకటుంది. "నేను రాలేదు. ఎందుకంటే వాన పడింది" తెలుగులో సలక్షణమైన రెండు వాక్యాలు. "ఐ డిడ్ నాట్ కమ్. బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్" అని రాస్తే రెండోది తోక తెగిన వాక్యం. 'బికాజ్' పెట్టగానే ఆ ముక్క ఇంకొకదాని కింద ఉండాల్సిందే, ఒంటరిగా నిలబడలేదు. కబుర్లలో ఇంగ్లీషువాళ్ళూ అలా అంటారు, కానీ ఆ వెసులుబాటు పరీక్షలో మనకు దక్కదు.

"దో హి ఈజ్ పూర్, బట్ హి ఈజ్ ఆనెస్ట్" అన్నది మన దేశమంతా వినిపించే తప్పు. "పేదవాడైనా నిజాయితీపరుడు" అన్నప్పుడు తెలుగులో వ్యతిరేకత చెప్పే గుర్తు 'అయినా' ఒక్కటే. ఇంగ్లీషులోనూ ఒక్కటే చాలు. 'దో' ఉంటే 'బట్' వద్దు, 'బట్' ఉంటే 'దో' వద్దు.

'వెళ్తూ'కీ 'వెళ్తుంటే'కీ ఉన్న తేడా

పార్టిసిపుల్ అంటే మన పిల్లలకు దడ. క్రియకు 'ఇంగ్' చేర్చి వాక్యం ముందు పెట్టడమే అది: "సీయింగ్ ద పోలీస్, ద థీఫ్ రాన్ అవే." పోలీసుల్ని చూసి దొంగ పారిపోయాడు. దీనికి ఒకటే షరతు. ముందున్న ముక్కలో కర్త కనిపించడు కాబట్టి, కామా తర్వాత వచ్చే కర్తే దానికీ కర్త కావాలి. చూసినవాడూ దొంగే, పారిపోయినవాడూ దొంగే.

షరతు తప్పితే నవ్వులపాలవుతాం. "వాకింగ్ టు స్కూల్, ఎ డాగ్ బిట్ మీ." ఇంగ్లీషు ప్రకారం ఇక్కడ బడికి నడిచి వెళ్తున్నది కుక్క. ఈ సూత్రాన్ని కొత్తగా నేర్చుకోవాలని అనుకుంటాం గానీ, తెలుగులో నోరు తెరిచిన ప్రతి బిడ్డకూ ఇది తెలుసు. "నేను బడికి వెళ్తూ కుక్క కరిచింది" అని ఎవరంటారు? "నేను బడికి వెళ్తుంటే కుక్క కరిచింది" అంటాం. రెండు పనులకూ కర్త ఒకరే అయితే 'వెళ్తూ', కర్తలు వేరైతే 'వెళ్తుంటే'. "నేను బడికి వెళ్తూ పాట పాడాను" బాగుంది, "నేను బడికి వెళ్తూ వాన వచ్చింది" చెవికి గుచ్చుకుంటుంది. కాబట్టి తెలుగులో 'తూ' సరిపోయేచోట ఇంగ్లీషులో ధైర్యంగా 'ఇంగ్' వాడొచ్చు. 'తుంటే' కావలసినచోట 'వైల్ ఐ వాజ్ వాకింగ్ టు స్కూల్' అని కర్తతో సహా రాయాలి. ఈ ఒక్క పరీక్ష తెలిస్తే డాంగ్లింగ్ పార్టిసిపుల్ అనే భూతం చాలావరకు వదిలిపోతుంది.

చాలావరకే, పూర్తిగా కాదు. ఎందుకంటే 'చేసి' రూపం కొంచెం వదులుగా ఉంటుంది. "వాన పడి రోడ్డు కొట్టుకుపోయింది." పడింది వాన, కొట్టుకుపోయింది రోడ్డు. కర్తలు వేరు, అయినా తెలుగు వాక్యం చక్కగా ఉంది. "కరెంటు పోయి పని ఆగిపోయింది", "కాలు జారి చెయ్యి విరిగింది" కూడా అంతే. ఎవరి ఇష్టంతోనూ పని లేకుండా ఒకటి జరగడం వల్ల ఇంకొకటి జరిగితే తెలుగు కర్త మారడాన్ని సహిస్తుంది. "నేను తలుపు తీసి పిల్లి పారిపోయింది" అంటే మాత్రం సహించదు, 'తీయగానే' అనాలి. ఇంగ్లీషుకు ఈ దయ లేదు. "రెయినింగ్ హెవిలీ, ద రోడ్ వాజ్ వాష్డ్ అవే" అంటే రోడ్డే కురిసినట్టు. "బికాజ్ ఇట్ రెయిన్డ్ హెవిలీ" అని పూర్తి వాక్యం కావాలి, లేదా "హెవీ రెయిన్ వాష్డ్ ద రోడ్ అవే" అని వాననే కర్తను చేసి మొత్తం తిరగరాయాలి. రెండోదే చిన్నదీ మేలైనదీ. కలపమన్నప్పుడల్లా అతికించాలనేమీ లేదు, ఒక వాక్యం రెండోదాన్ని మింగేయవచ్చు కూడా.

కాలం సంగతి కూడా చూడాలి. పొద్దున్నే లేచి, స్నానం చేసి, టిఫిన్ తిని, బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళాం. తెలుగులో ఈ గొలుసుకు అంతు లేదు, చివరి క్రియ ఒక్కటీ కాలం మోస్తుంది. దీన్ని ఉన్నదున్నట్టు "గెటింగ్ అప్, బేదింగ్, ఈటింగ్..." అని ఇంగ్లీషులోకి దింపితే ఊపిరాడదు. ఇంగ్లీషు ఇలాంటిచోట అన్ని క్రియలనూ సమానం చేసి, అన్నిటికీ కాలం తొడిగి, చివరిదాని ముందు ఒక్క 'అండ్' పెడుతుంది: "ఐ గాట్ అప్, బేద్డ్, హాడ్ బ్రేక్‌ఫస్ట్, కాట్ ద బస్ అండ్ వెంట్ టు వర్క్." వాక్యం ముందు వచ్చే 'ఇంగ్' ముక్క ఒక్కటుంటే ముద్దు, రెండుంటే భారం. మొదటి పని పూర్తిగా ముగిశాకే రెండోది మొదలైందని నొక్కి చెప్పాలంటే 'హావింగ్ ఫినిష్డ్' రూపం వాడాలి.

'తినకుండా' లాంటి వ్యతిరేక రూపానికి 'వితవుట్ ఈటింగ్', 'చదువుకోవడానికి వచ్చాను'కి "ఐ కేమ్ టు స్టడీ". ఇవి తేలికే. 'వితవుట్', 'ఆఫ్టర్', 'బిఫోర్' తర్వాత కర్త లేకుండా క్రియ రావాలంటే దానికి 'ఇంగ్' ఉండాలని గుర్తుంటే చాలు. "ఐ కేమ్ ఫర్ స్టడీయింగ్" అనడం మాత్రం మానుకోవాలి.

మాయమైపోయే 'లో', 'తో', 'మీద'

'హూ', 'విచ్', 'దట్' ఉన్న రిలేటివ్ క్లాజుల దగ్గర తెలుగు మనల్ని నిజంగా మోసం చేస్తుంది.

తెలుగు పద్ధతి చాలా పొదుపైనది. "అబ్బాయి నిన్న వచ్చాడు. ఆ అబ్బాయి మా తమ్ముడు" అన్న రెండు వాక్యాలు "నిన్న వచ్చిన అబ్బాయి మా తమ్ముడు" అవుతాయి. 'వచ్చిన' అన్న ఒక్క రూపం, దాని పక్కనే నామవాచకం, అంతే. 'హూ' లాంటి మాట అక్కర్లేదు. ఇంగ్లీషులో ఈ వరస తలకిందులవుతుంది: నామవాచకం ముందు, దాని వర్ణన వెనుక. "ద బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై బ్రదర్." ఇంతవరకు బళ్ళో చెబుతారు.

చెప్పనిది ఇది. "నేను ఉన్న ఇల్లు", "నేను రాసిన పెన్ను", "నేను కూర్చున్న కుర్చీ" అన్న మూడింటినీ విడదీసి చూడండి. ఇంట్లో ఉన్నాను, పెన్నుతో రాశాను, కుర్చీ మీద కూర్చున్నాను. విడివిడి వాక్యాల్లో ఉన్న 'లో', 'తో', 'మీద' కలిపేసరికి మాయమయ్యాయి. పెన్నును ఎవరూ రాయరని, పెన్నుతో రాస్తారని మనకు లోకజ్ఞానం వల్ల తెలుసు కాబట్టి తెలుగు వాటిని వదిలేస్తుంది. ఇంగ్లీషు వదలదు. "ద హౌస్ ఐ లివ్డ్ ఇన్", "ద పెన్ ఐ రోట్ విత్", "ద చెయిర్ ఐ శాట్ ఆన్". ఆ చివరి పొట్టి మాట లేకపోతే వాక్యం కుంటుతుంది. "ద హౌస్ విచ్ ఐ లివ్డ్" అన్న తప్పు మన నోట అంత తరచుగా రావడానికి కారణం ఇదే. మర్యాదగా రాయాలంటే 'ఇన్ విచ్', 'విత్ విచ్' అని ఆ మాటను ముందుకు తేవచ్చు. చివర వదిలేయడం తప్పని కొన్ని పాత పుస్తకాలు అంటాయి గానీ, ఇంగ్లీషువాళ్ళు శతాబ్దాలుగా అలాగే రాస్తున్నారు, మనకెందుకు ఆ మడి?

'యొక్క' సంబంధమూ ఇలాగే దాక్కుంటుంది. "తండ్రి పోయిన పిల్లవాడు" అన్నప్పుడు ఎవరి తండ్రో చెప్పలేదు, తెలుసు కాబట్టి. ఇంగ్లీషులో 'హూజ్' తప్పనిసరి: "ద బాయ్ హూజ్ ఫాదర్ డైడ్." దాన్ని "ద బాయ్ హూ హిజ్ ఫాదర్ డైడ్" అనేవాళ్ళున్నారు. దీనికి తోబుట్టువు "ద బుక్ విచ్ ఐ బాట్ ఇట్". 'విచ్' వచ్చాక 'ఇట్'కు ఇక చోటు లేదు.

ఒక మేలు కూడా ఉంది. తెలుగులో వర్ణన నామవాచకానికి ఆనుకునే ఉంటుంది, కాబట్టి పొరపాటున వేరేదానికి అంటుకోవడం అరుదు. "ఐ సా ఎ డాగ్ ఇన్ ద పార్క్ విచ్ వాజ్ బార్కింగ్" అంటే పార్కు మొరిగినట్టుంటుంది. 'విచ్' తన నామవాచకం పక్కనే కూర్చోవాలి: "ఇన్ ద పార్క్ ఐ సా ఎ డాగ్ విచ్ వాజ్ బార్కింగ్." ఇంకా బాగుండాలంటే 'ఎ బార్కింగ్ డాగ్'.

కామాల సంగతి మరీ సున్నితం. "హైదరాబాద్‌లో ఉండే మా అన్నయ్య డాక్టరు." నాకు అన్నయ్యలు ఎందరు? ఈ తెలుగు వాక్యం చెప్పదు. ఇంగ్లీషు చెప్పి తీరాలి. "మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ హైదరాబాద్, ఈజ్ ఎ డాక్టర్" అని రెండు కామాలు పెడితే అన్నయ్య ఒక్కడే, హైదరాబాద్ అదనపు సమాచారం. కామాలు తీసేస్తే అన్నయ్యలు ఒకరికన్నా ఎక్కువమంది ఉన్నారనీ, వాళ్ళలో హైదరాబాద్‌లో ఉండేవాడి గురించి చెబుతున్నాననీ అర్థం వస్తుంది. కామాలున్నచోట 'హూ', 'విచ్' బదులు 'దట్' వాడరు. వీసా అర్జీలోనో ఆస్తి పత్రంలోనో ఈ కామా చిన్న విషయమేమీ కాదు.

మోయలేనంత బరువు

"ద బాక్స్ ఈజ్ వెరీ హెవీ. ఐ కెనాట్ లిఫ్ట్ ఇట్." దీన్ని రెండు రకాలుగా కలపమంటారు. "ద బాక్స్ ఈజ్ సో హెవీ దట్ ఐ కెనాట్ లిఫ్ట్ ఇట్." "ద బాక్స్ ఈజ్ టూ హెవీ ఫర్ మీ టు లిఫ్ట్."

తెలుగులో "మోయలేనంత బరువు" అంటాం. 'లేనంత'లో లేకపోవడం పైకే కనిపిస్తుంది. 'సో... దట్'లోనూ 'కెనాట్' అని కనిపిస్తుంది. 'టూ... టు'లో మాత్రం అది 'టూ' లోపలే దాగి ఉంది, అందుకని మనవాళ్ళు 'నాట్' కూడా చేర్చేస్తారు. ఇంకో మెలిక చూడండి. 'సో... దట్' వాక్యం చివర 'ఇట్' ఉంది, 'టూ... టు' వాక్యం చివర లేదు. 'దట్' తర్వాత వచ్చేది కర్త, కర్మ అన్నీ ఉన్న పూర్తి వాక్యం, కాబట్టి 'లిఫ్ట్'కు కర్మ కావాలి. 'టు లిఫ్ట్' పూర్తి వాక్యం కాదు, దాని కర్మ ముందే ఉన్న 'ద బాక్స్'. "టూ హెవీ టు లిఫ్ట్ ఇట్" అన్న తప్పును మార్కుల కోసం బట్టీ పట్టి దిద్దుకోవడం కన్నా ఈ కారణం తెలుసుకోవడం తేలిక. ఇక 'టూ గుడ్' అని మెచ్చుకోవడం మన దగ్గర బాగా చెల్లుతుంది గానీ, పరీక్షలో 'టూ' అంటే మితిమీరిందనే అర్థం.

ప్రశ్న లోపలికి వెళ్తే

"వాడు ఎక్కడ ఉన్నాడు?" ఈ ప్రశ్నను ఇంకో వాక్యంలో ఇమిడ్చాలంటే తెలుగుకు ఒక్క 'ఓ' చాలు: "వాడు ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు." మాటల వరస కదలలేదు. ఇంగ్లీషులో వరస కదలాలి, అదీ వెనక్కి. 'వేర్ ఈజ్ హి' అన్నది ప్రశ్న కోసం తిప్పిన వరస. లోపలికి వెళ్ళాక అది ప్రశ్న కాదు కాబట్టి తిప్పింది విప్పాలి: "ఐ డోంట్ నో వేర్ హి ఈజ్." 'డిడ్' ఉంటే అది పోయి భూతకాలం మళ్ళీ క్రియ మీదికి చేరుతుంది. "వేర్ డిడ్ హి గో?" అన్నది "ఐ డోంట్ నో వేర్ హి వెంట్" అవుతుంది. "వస్తాడో రాడో తెలియదు" అనడానికి "వెదర్ హి విల్ కమ్" అంటే సరిపోతుంది.

'అని' కూడా ఇలాంటిదే. "రేపు వస్తానని రవి చెప్పాడు" అన్నప్పుడు రవి నోటిమాట 'వస్తాను' అలాగే ఉండిపోయింది. ఇంగ్లీషులో 'ఐ' 'హి'గా, 'విల్' 'వుడ్'గా, 'టుమారో' 'ద నెక్స్ట్ డే'గా మారతాయి: "రవి సెడ్ దట్ హి వుడ్ కమ్ ద నెక్స్ట్ డే." మనం "రవి టోల్డ్ దట్ ఐ విల్ కమ్" అంటే వస్తానన్నది మనమే అవుతుంది. పైగా 'టోల్డ్' తర్వాత ఎవరికి చెప్పాడో కూడా ఉండాలి.

షరతులకొస్తే తెలుగు మంచి సాయం చేస్తుంది. "నువ్వు వస్తే నేనూ వస్తాను" అన్నప్పుడు 'వస్తే'కు కాలం లేదు. ఇంగ్లీషు కూడా 'ఇఫ్' పక్కన 'విల్' పెట్టదు: "ఇఫ్ యు కమ్, ఐ విల్ కమ్ టూ." 'అన్‌లెస్'లో 'నాట్' ముందే ఉంది, "అన్‌లెస్ యు డోంట్ స్టడీ" అని ఇంకోటి చేర్చామంటే చదవొద్దని చెప్పినట్టే.

అల్యూమినియం పరీక్ష

వాక్యాలు కలపడం బళ్ళో చేయించే తంతు మాత్రమే కాదు, దాని మీద పరిశోధనలున్నాయి. కెలాగ్ హంట్ అనే అమెరికన్ పరిశోధకుడు 1965లో పిల్లల రాతను కొలవడానికి 'టీ-యూనిట్' అనే కొలత తెచ్చాడు. ఒక ప్రధాన వాక్యం, దాని కింద చేరినవన్నీ కలిపి ఒక యూనిట్. ఫుల్‌స్టాపుల్ని లెక్కపెడితే 'అండ్', 'అండ్' అని పేజీ అంతా సాగదీసిన పిల్లవాడు మహా రచయితలా కనిపిస్తాడు, అందుకని ఈ కొలత. తర్వాత ఆయన అల్యూమినియం గురించి పొట్టి పొట్టి వాక్యాల పాఠం ఒకటిచ్చి వేర్వేరు తరగతుల పిల్లలచేత, పెద్దలచేత తిరగరాయించాడు. నాలుగో తరగతి పిల్లలు ఎక్కువగా 'అండ్' పెట్టి వదిలేశారు. తరగతి పెరిగేకొద్దీ పూర్తి వాక్యాలు తగ్గి, అవే విశేషణాలుగా, ఎపొజిషన్లుగా మడతపడ్డాయి. రాత ముదిరేకొద్దీ వాక్యంలో వాక్యాలు పెరగడం కన్నా, వాక్యాలు పదాలుగా కుదించుకుపోవడమే ఎక్కువ. మన కొల్లేరు ఉదాహరణలో 'ఈజ్ ష్రింకింగ్' 'ష్రింకింగ్ లేక్' అయినట్టు.

ఫ్రాంక్ ఓహేర్ 1973లో ఏడో తరగతి పిల్లలకు వ్యాకరణ పరిభాష చెప్పకుండానే కలిపే అభ్యాసం చేయించి, రాత మెరుగుపడిందని చూపించాడు. స్టీవ్ గ్రాహమ్, డొలొరెస్ పెరిన్ 2007లో రాత బోధన మీద అప్పటివరకు జరిగిన పరిశోధనల్ని క్రోడీకరించి ఫలితమిచ్చే 11 పద్ధతులు గుర్తించారు. వాక్యాలు కలపడం వాటిలో ఒకటి. క్లాజుల పేర్లు బట్టీ పట్టించే మన ట్యూషన్లకు ఈ కబురు ఇంకా అందినట్టు లేదు.

అందితే ఎలా చేస్తారో అన్న భయమూ ఉంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో విదేశాలకు వెళ్ళడానికి రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కు చదివే పిల్లలకు 'కాంప్లెక్స్ సెంటెన్సులు వాడు, బ్యాండు (స్కోరు) పెరుగుతుంది' అని నూరిపోస్తారు. రైటింగ్‌లో సమాన తూకం ఉన్న నాలుగు ప్రమాణాల్లో గ్రమాటికల్ రేంజ్ అండ్ ఆక్యురసీ, అంటే వాక్య నిర్మాణాల వైవిధ్యం, తప్పుల్లేకపోవడం, ఒకటన్నది నిజమే. పిల్లల చెవికి 'రేంజ్' మాత్రమే సోకుతుంది. వైవిధ్యం అంటే పొట్టి వాక్యం కూడా ఉండటం. రెండు పొడవాటి వాక్యాల తర్వాత వచ్చే నాలుగు మాటల వాక్యం మేకులా దిగుతుంది. కొల్లేరు చేపల చెరువుల మీద 2006లో జరిగిన కూల్చివేతల గురించి ఎవరైనా రాస్తే, కారణాలన్నీ పొడవాటి వాక్యంలో చెప్పి, "ద ట్యాంక్స్ కేమ్ బ్యాక్" అన్నదాన్ని విడిగా వదిలేయాలి. దాన్ని 'విచ్'తో వెనక తగిలిస్తే చదివేవాడు ఆగడు, దాటిపోతాడు.

సాధన చేయాలంటే కలపడం కన్నా విడగొట్టడంతో మొదలుపెట్టమంటాను. ఇంగ్లీషు దినపత్రికలో ఒక పొడవాటి వాక్యాన్ని తీసుకుని, అందులో ఎన్ని పొట్టి వాక్యాలు దాగి ఉన్నాయో ఒక్కో వరసలో రాసుకోవాలి. ప్రతి విశేషణం ఒకప్పటి 'ఈజ్' వాక్యమే. పత్రిక పక్కన పడేసి, మర్నాడు ఆ ముక్కల్ని సొంతంగా కలిపి, అసలుదానితో పోల్చి చూసుకోవాలి. విలేకరి వేరే క్రియకు పెద్దపీట వేసి ఉంటాడు. అతని ఎంపిక బాగుందా, మనది బాగుందా అని వాదించుకోవడానికి పక్కన ఇంకొకరుంటే మరీ మంచిది.